రివర్బ్ పెడల్ మార్చే ముందు పెడల్స్ వరస మార్చి చూడు

తమ్ముడూ, విజయనగరం కల్యాణ మండపాల్లో వాయిస్తుంటే గిటార్ సౌండ్ ముద్దైపోతోంది, ఇప్పుడున్న రివర్బ్ పెడల్ (గిటార్ సౌండ్‌కి గది మోత కలిపే పెట్టె) మార్చి ఏది కొనాలి అన్నావు. ముందు ఇది చూడు: గిటార్ నుంచి యాంప్‌కి వెళ్ళే దారిలో రివర్బ్ తర్వాత డిస్టార్షన్ (సౌండ్‌ని గరగరలాడించే ఎఫెక్ట్) ఉందా? ఉంటే గోల అక్కడిదే. రివర్బ్‌ని వరసలో చివర పెట్టు. డిస్టార్షన్ యాంప్‌దే అయితే రివర్బ్‌ని యాంప్ ఎఫెక్ట్స్ లూప్‌లో (డిస్టార్షన్ తర్వాత పెడల్ కలిపే సాకెట్లలో) పెట్టాలి.

మండపం దానికదే మోగుతుంది, అక్కడ పెడల్‌లో హాల్ మోడ్ (పెద్ద హాల్లా మోగించేది) వద్దు. స్ప్రింగ్ మోడ్ గానీ రూమ్ మోడ్ (చిన్న గది మోత) గానీ పెట్టి, టైమ్ (మోత ఎంతసేపు ఉండాలన్నది) తగ్గించు, లెవెల్ పావు వంతు దాటనీకు. శ్రీకాకుళంలో ఓ పెళ్ళికి నేను హాల్ ఫుల్‌గా పెట్టాను. సన్నాయి ఆయన చూసిన చూపు ఇంకా గుర్తుంది!

అయినా కొనాలనుంటే బాస్ (Boss) కంపెనీ రివర్బ్ పెడల్ ఆర్‌వి-6 చాలు, 8 మోడ్‌లు. షిమ్మర్ (మోతకి పై స్థాయి స్వరాలు కలిపే మోడ్) మోజు పెళ్ళిళ్ళకి పనికిరాదు. అడాప్టర్ మాత్రం 9 వోల్టులది, సెంటర్ నెగెటివ్ (ప్లగ్ మధ్యలో నెగెటివ్ ఉండేది) చూసి తీసుకో.