రాయల విగ్రహం కథ రాస్తున్న యువ రచయితకు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. తన విగ్రహానికి కొలతలివ్వడానికి కృష్ణదేవరాయలు శిల్పి ఎదుటికి వచ్చే ఘట్టమే దానికి ప్రాణం. అందుకే అది మళ్లీ రాయమంటున్నాను.

ముందు, నువ్వు రాయలను కూర్చోబెట్టిన ఆ సింహాసనం తీసేయ్. తిరుమల ప్రతిమా మండపంలో రాయలు నిలబడి ఉన్నాడు. నెత్తిన పొడవాటి కుళ్ళాయి, జోడించిన చేతులు, చెరో పక్క తిరుమలదేవి, చిన్నాదేవి. అలా నిలవాల్సిన మనిషి కొలతలకూ అలాగే నిలబడాలి. మహాద్వారం దాటితే కుడివైపు ఆ మండపం. క్యూ ఆగదు, ఫోను లోపలికి రానివ్వరు. వెళ్లిన ప్రతిసారీ ఒక్కటే చూడు: ఓసారి చేతులు, ఓసారి ముఖం.

నీ శిల్పి రాయి చెక్కుతున్నాడు. అక్కడ రాతి విగ్రహాలు రాయల తర్వాత రాజైన తమ్ముడు అచ్యుతరాయలవి. కృష్ణరాయలవి రాగివి, రేకును సుత్తితో మలిచినవి. ఈ పనిలో రేకును ఎర్రగా కాల్చి చల్లారుస్తారు. గుగ్గిలం, ఇటుక పొడి, నూనె కలిపి కాచిన ముద్ద మీద పరిచి, వెనకనుంచి ఉబ్బెత్తు కొడతారు. తర్వాత తిప్పి, ముందునుంచి కళ్లూ పెదవులూ తేలుస్తారు. కొట్టేకొద్దీ రాగి బిరుసెక్కుతుంది. మళ్లీ కాల్చకుండా కొడుతూ పోతే చిట్లుతుంది. ముక్కు దగ్గర మరీ భయం, అక్కడ రేకు బాగా సాగి పలచబడుతుంది కదా. ఈ పొగా మోతా రాజు ఎదుట ఉండవు. రాజు ఉన్నంతసేపూ శిల్పి చేతిలో కొలనూలు, అంటే కొలతలు తీసే దారం, ఉంటే చాలు.

కొలతలు సరిగ్గా రాయి. ముఖం ఒక తాళం, అంటే 12 అంగుళాలు. ఇది శిల్పుల అంగుళం, స్కేలు మీది కాదు. నవతాళ విగ్రహం, అంటే తొమ్మిది తాళాల ఎత్తుది, మొత్తం 108 అంగుళాలు. నుదుటి మొదలునుంచి కనుబొమలకు 4, అక్కడినుంచి ముక్కు కొసకు 4, గడ్డానికి 4. సందేహం వస్తే తిరుపతిలోనే టీటీడీ శిల్ప కళాశాల ఉంది, వెళ్లి అడుగు.

అయితే ఇది దేవతా విగ్రహాల లెక్క. ఎదుట ఉన్నది మనిషి. పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాయలను చూసి రాశాడు: మధ్యస్థమైన ఎత్తు, మంచి రంగు, సన్నం కంటే కాస్త లావు, ముఖాన మశూచి మచ్చలు. నూలు పట్టుకుని అంత దగ్గరికి వచ్చిన శిల్పికి ఆ మచ్చలు కనబడవా? వాటిని రేకులో కొట్టాలా, వదలాలా? రాజును అడిగే ధైర్యం ఉందా? నీ కథంతా ఇక్కడే ఉంది. నువ్వేమో ‘రాజఠీవి’ అని ఒక్క మాటతో దాటేశావు. ఇక్కడ రెండు పేజీలైనా నిలబడు. శిల్పి ఏం చేశాడో నువ్వే తేల్చు, ఆ స్వేచ్ఛ నీది.

కథలో 1511 అని వేశావు. రాయలు మొదటిసారి కొండకు వచ్చింది 1513లో. 1521 దాకా మొత్తం ఏడుసార్లు వచ్చాడు. దాని ప్రకారం ఏడాది మార్చుకో. కొలనూలు ఘట్టం పూర్తి కాగానే అదొక్కటీ పంపు, మిగతా కథ తర్వాత చూద్దాం.