తక్కువ ఊగడమా, నెమ్మదిగా ఊగడమా?

సందేహం: ఇంట్లో సొంతంగా మాడ్యులర్ సింథసైజర్ (విడివిడి మాడ్యూళ్లను వైర్లతో కలిపి శబ్దాలు పుట్టించే ఎలక్ట్రానిక్ వాద్యం) కట్టుకుంటున్నాను. అందులో లో ఫ్రీక్వెన్సీ ఆసిలేటర్, అంటే నెమ్మదిగా పైకీ కిందకీ ఊగే వోల్టేజీ ఇచ్చే ఎల్ఎఫ్ఓ మాడ్యూల్ ఎలా చెయ్యాలో మా తమ్ముళ్ల కోసం తెలుగులో రాస్తూ దానికి "తక్కువ డోలకం" అని పేరు పెట్టాను. "అల్ప పౌనఃపున్య డోలకం" అనాలని నా స్నేహితుడి వాదన. ఏది సరి? "పౌనఃపుణ్యం" అని రాయచ్చా? నాబ్ పక్కన "వేగం" అని రాస్తే తప్పా?

సమాధానం: "తక్కువ డోలకం" మాత్రం వద్దండి. తక్కువ అన్నది ఇక్కడ ఫ్రీక్వెన్సీకి విశేషణం, ఆ మధ్య మాట ఎగిరిపోయేసరికి అది నేరుగా డోలకానికి అంటుకుంది, దాంతో చదివేవాళ్లకు ఇదేదో తక్కువ వోల్టేజీ ఇచ్చే సర్క్యూట్ కాబోలు అనిపిస్తుంది. తెలుగులో "తక్కువ" ఎప్పుడూ పక్కమాటను బట్టే అర్థం ఇస్తుంది. ఫ్యాన్ తక్కువ తిరుగుతోంది అంటే వేగం లేదని, ఉయ్యాల తక్కువ ఊగుతోంది అంటే ఎక్కువ దూరం పోవట్లేదని. మీ మాడ్యూల్లో ఈ రెండూ వేరువేరు సంగతులు, కలిపేస్తే మీ తమ్ముళ్లు పొరపాటున వేరే రెసిస్టర్ మారుస్తారు.

ఎలాగో చూడండి. ఎల్ఎఫ్ఓకి మామూలుగా వాడే సర్క్యూట్లో టీఎల్072 ఐసీ ఒక్కటి చాలు, అందులో రెండు ఆప్-ఆంప్‌లు (వోల్టేజీ తేడాను పెంచే యాంప్లిఫయర్లు) ఉంటాయి. ఒకటి కెపాసిటర్‌ని నింపుతూ ఖాళీ చేస్తూ వోల్టేజీని నెమ్మదిగా మార్చే ఇంటిగ్రేటర్, రెండోది ఆ వోల్టేజీ ఒక హద్దు దాటగానే తిరగబడే ష్మిట్ ట్రిగ్గర్. మొదటిదాన్నుంచి ట్రయాంగిల్, రెండోదాన్నుంచి స్క్వేర్ వేవ్ వస్తాయి. ట్రిగ్గర్ దగ్గర ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 100 కిలో ఓములు, ట్రయాంగిల్ వచ్చే వైపుది 50 కిలో ఓములు పెట్టారనుకోండి. ఇంటిగ్రేటర్‌కి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 1 మెగాఓమ్ నిరోధం ఉంటే 2 సెకన్లకు ఒక ఊపు, అంటే 0.5 హెర్ట్జ్. ఆ నిరోధాన్ని 100 కిలో ఓములకు తగ్గిస్తే సెకనుకు 5 ఊపులు. అయినా ట్రయాంగిల్ ఎత్తు మారదు, ప్లస్ మైనస్ 12 వోల్టుల సప్లై మీద దాదాపు ప్లస్ మైనస్ 5 వోల్టుల దగ్గరే ఉంటుంది. వేగం పెరిగింది, ఎత్తు పెరగలేదు! అదే ట్రిగ్గర్ రెసిస్టర్లను ముట్టుకుంటే ఎత్తూ మారుతుంది, వేగమూ మారుతుంది. అందుకే "నెమ్మదిగా ఊగుతుంది", "కొద్దిగా ఊగుతుంది" అని విడివిడిగా రాయండి. పాఠ్యపుస్తకాల మాటలే కావాలంటే మొదటిదానికి పౌనఃపున్యం, రెండోదానికి కంపన పరిమితి ఉన్నాయి.

మీ స్నేహితుడి మాటలో తప్పేమీ లేదు, అన్నీ సంస్కృత పదాలే కాబట్టి సమాసం చక్కగా కుదిరింది. "తక్కువ పౌనఃపున్య డోలకం" అన్నా మునిగిపోయేదేం లేదు, మిశ్ర సమాసాన్ని చిన్నయసూరే ఒప్పుకున్నాడు. కానీ నన్నడిగితే పేరుకు ఎల్ఎఫ్ఓ అనే ఉంచి, ఒక్కసారి మొదట్లో తెలుగులో అర్థం చెప్పి ముందుకు పోవడం మంచిది. కోఠి గుజరాతీ గల్లీలో కొనేటప్పుడు అడిగేది రెసిస్టర్, కెపాసిటర్, పాట్ (నాబ్ తిప్పితే నిరోధం మారే భాగం) అనే కదా, వస్తువుల పేర్లను అలాగే ఉంచి, అవి చేసే పనిని తెలుగు క్రియలతో చెప్పండి. ఊగుతుంది, నిండుతుంది, ఖాళీ అవుతుంది, తిరగబడుతుంది... ఇంతకన్నా స్పష్టమైన మాటలు ఏ భాష నుంచీ తెచ్చుకోనక్కర్లేదు. డోలకం బదులు లోలకం అనకండి, అది వేలాడుతూ ఊగే పెండ్యులం.

"పౌనఃపుణ్యం" తప్పు. పునః పునః అంటే మళ్లీ మళ్లీ, అలా మళ్లీ మళ్లీ జరగడమే పౌనఃపున్యం. పుణ్యంతో దీనికి ఏ సంబంధమూ లేదు, న మీద య వత్తే రాయాలి, విసర్గనూ వదలకూడదు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఎల్ఎఫ్ఓతో శ్రుతిని ఊపితే వచ్చే వైబ్రాటోని కొందరు "గమకం" అని అనువదిస్తున్నారు. నాకది నచ్చదు. కంపిత గమకం వినడానికి దగ్గరగా ఉండచ్చు గానీ, అందులో ఊపు ఎంత, ఎంత వేగం అన్నది రాగాన్ని బట్టి, స్వరాన్ని బట్టి, పాడేవాళ్లను బట్టి మారుతుంది, మీ ట్రయాంగిల్ మాత్రం నాబ్ ముట్టుకునేదాకా ఒకే కొలతలో తిరుగుతుంది. వైబ్రాటో అనే రాయండి.

ఇక "వేగం". భౌతికశాస్త్రంలో తరంగ వేగం అంటే సెకనుకు ఎన్ని మీటర్లు అన్న లెక్క, అది వేరే. అయినా ప్యానెల్ మీద ఆ అర్థంలో ఎవరూ తీసుకోరు, నిక్షేపంగా రాసుకోండి. ఎంత ఊగాలో సరిచేసే రెండో నాబ్ కూడా పెడుతుంటే దాని పక్కన "లోతు" అని రాయండి, "తక్కువ–ఎక్కువ" అని మాత్రం రాయద్దు.