మాటల పుస్తకం మొదలుపెట్టే మనవరాలికి

తిరుపతి

చిట్టితల్లికి అవ్వ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. చిన్నప్పుడు అమ్మ "నీ ఇష్టం" అంటే ఎగిరి గంతేసేదానివి. మొన్న ఫోన్లో అదే మాట అంటే రాత్రంతా నిద్ర పట్టలేదని రాశావు. అన్నది అదే అమ్మ, అన్నది అదే మాట, మరి ఏం మారిందవ్వా అని అడిగావు. ఒక్కో మాట నాకు ఎప్పుడెప్పుడు ఏ అర్థంతో తోచిందో రాసుకునే నా మాటల పుస్తకం గుర్తుపెట్టుకుని, అట్లాంటిది నువ్వూ రాయాలంటే ఎట్ల మొదలుపెట్టాలని కూడా అడిగావు. చానా సంతోషమైంది తల్లీ. 1984 నుంచి రాస్తున్నా, ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

గీతల నోటు పుస్తకం ఒకటి కొనుక్కో, లావుది. ఒక్కో మాటకు నాలుగు పేజీలు కేటాయించు. ఈ పొద్దు సగం పేజీ కూడా నిండదు, నిండకపోయినా ఫరవాలేదు. నేను మొదట్లో మాటకు అరపేజీ ఇచ్చాను. పదేళ్ళకే చోటు లేక చీటీలు అంటించుకోవాల్సి వచ్చింది. ఫోన్లో రాసుకోవచ్చు కదా అంటావేమో. ఫోన్లో చెరిపేస్తే ఆనవాలు మిగలదు. ఈ పనిలో చెరపకూడదు. పాత అర్థం ఇప్పుడు తప్పనిపించినా దాని మీద గీత పెట్టొద్దు. కింద తేదీ వేసి కొత్తది రాయి. అది రాసిన రోజు నీకు అదే నిజం కదా.

ప్రేమ, స్వేచ్ఛ, జీవితం లాంటి మాటలు ముందుగా ఎత్తుకోవద్దు. వాటి దగ్గర కూర్చుంటే ఎక్కడో చదివిన వాక్యాలే కలంలోకి వస్తాయి. ఇంట్లో రోజుకు పదిసార్లు వినపడే మాట పట్టుకో. రేపు, బరువు, ఊరు, సెలవు. సెలవంటే బడి లేని రోజని మొదలైన పేజీ నాకు 2011లో, ఉద్యోగ విరమణ రోజు సాయంత్రం, నిండిపోయింది. నేను అన్నిటికన్నా ఎక్కువ రాసింది 'చాలు' అనే మాట మీద. అది ఎట్ల పెరిగిందో చెప్తాను, నీకు పద్ధతి తెలుస్తుంది.

మా ఊర్లో తొలకరి పడితే శెనక్కాయ విత్తనం వేసేవాళ్ళు. మా నాయన మడక, అదే నాగలి, పట్టుకుని ముందు పోతుంటే, ఒడిలో విత్తనాలు పోసుకుని అమ్మ, అమ్మ వెనక నేను. బెత్తెడుకొక గింజ. "సాలు తప్పొద్దు" అనేవాడు నాయన, వెనక్కి తిరగకుండానే. గింజ గట్టు మీద పడితే కాలి బొటనవేలితో సాల్లోకి నెట్టేదాన్ని. తడి మట్టి గోరు కింద ఇరుక్కుంటే ఇంటికొచ్చి చీపురుపుల్లతో గీకినా పోయేది కాదు. చాలును మా ఇంట్లో సాలనే పలికేవాళ్ళు. ఆ వయసులో నాకు సాలంటే మడక గీసిన గాడి, గింజ పడాల్సిన చోటు. వేరే అర్థం ఉందని తెలిసినా అది అన్నం దగ్గర వాడే మాట, అంతే.

1966లో పట్నం బడిలో ఎనిమిదో తరగతిలో చేరాను. తెలుగు అయ్యవారు పద్యం చదవమన్నారు. లేచి చదివాను. పద్యంలో ఉన్న 'చాలు'ను మా ఇంట్లో పలికినట్టే 'సాలు' అన్నాను. పిలకాయలందరూ నవ్వారు. "చాలు, కూర్చో" అన్నారాయన. నాకింకా రెండు పాదాలు మిగిలే ఉన్నాయి. ఆ తర్వాత చానా ఏళ్ళు ఆ మాట ఎవరి నోట విన్నా నాకు బెంచీ చెక్కే తగిలేది. నువ్వు పనికిరావు, ఆపు అని వినపడేది.

ఎంత కోపం పెట్టుకున్నా చివరికి చదివింది తెలుగే. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేశాను. అది 1954లో మొదలైంది, నాకన్నా ఒక్క ఏడు చిన్నది. అక్కడ అర్థవిపరిణామం, అంటే కాలం గడిచేకొద్దీ మాటల అర్థాలు మారడం, పాఠం చెప్పారు. నూనె అంటే నువ్వుల నెయ్యి, తర్వాత అన్ని నూనెలకూ అదే పేరైంది. మనం శెనక్కాయ నూనె అంటున్నప్పుడు అందులో నువ్వు ఉందని ఎవరికి తడుతుంది? చీర అంటే ఒకప్పుడు వట్టి బట్ట, ఇప్పుడు ఆడవాళ్ళు కట్టుకునేదే చీర. వ్యవసాయమంటే సంస్కృతంలో ప్రయత్నం, పట్టుదల. మన దగ్గరికొచ్చి సేద్యం అయింది. పరీక్షకు ఇవన్నీ రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఒకే మనిషి నోట్లో, ఒకే ఆయుష్షులో కూడా ఇది జరుగుతుందని ఆ రోజు తోచలేదు.

అది తోచింది 1984లో. నేను పాఠం చెప్పే బడిలో ఒక పిల్లవాడు పద్యం అప్పజెప్తున్నాడు. ఎక్కడా తడబాటు లేదు, యతి దగ్గర చక్కగా ఆగుతున్నాడు. వీడికి వచ్చేసింది, ఇంక పరీక్షించే పనిలేదని నా మనసు నిండిపోయి "చాలు, కూర్చో" అన్నాను. వాడి ముఖం వాడిపోయింది. ఆ ముఖం నాకు బాగా తెలుసు. అది పద్దెనిమిదేళ్ళ కిందటి నా ముఖమే.

ఆ సాయంత్రమే నోటు పుస్తకం కొన్నాను. మొదటి పేజీలో నాయన సాలు రాశాను. దాని కింద అయ్యవారి చాలు, దాని కింద నా చాలు. మా అయ్యవారు ఆ పొద్దు ఏ మనసుతో అన్నారో నాకు తెలియదు. గంట కొట్టే వేళ అయిందేమో. పిలకాయల నవ్వు నుంచి నన్ను తప్పించాలనుకున్నారేమో. పదమూడేళ్ళ పిల్లకు అవి తట్టవు. మర్నాటి నుంచి క్లాసులో నేను "బాగా చెప్పావు, కూర్చో" అనడం మొదలుపెట్టాను. మాటల పుస్తకం వల్ల నాకు కలిగిన మొదటి లాభం అదే తల్లీ.

నువ్వు రాసేటప్పుడు కూడా అర్థం ఒక్కటే రాసి ఊరుకోవద్దు. ఎవరన్నారు, ఎక్కడన్నారు, అప్పుడు వాళ్ళ చేతిలో ఏముంది, నువ్వు ఎటు చూస్తున్నావు, అన్నీ రాయి. మాటను పలికినట్టే రాయి. నాయన సాలును నేను చాలు అని దిద్ది రాసుంటే ఆ పొలం నా పుస్తకంలోకి వచ్చేది కాదు. రోజూ కూర్చుని రాయాలని నియమం పెట్టుకోవద్దు. ఒక మాట కాలికి తగిలినట్టు ఆపేసిన రోజు రాస్తే చాలు.

చూశావా, మళ్ళీ అదే మాట వచ్చింది.

2014లో తాతా నేనూ అలిపిరి మెట్ల దారిన కొండకు బయలుదేరాం. మూడువేల ఐదువందల యాభై మెట్లంటారు. పెళ్ళైన కొత్తలో ఆగకుండా ఎక్కిన దారి. ఈసారి గాలిగోపురం దాకా ఆ నిటారు మెట్లు ఎక్కేసరికి నా మోకాళ్ళు వణికాయి. తాత ఇంకా పోదామన్నారు. "నాకింక చాలదు" అన్నాను. అన్నాక నా చెవికే కొత్తగా వినపడింది. ఏం చాలదు? మెట్లు కాదు, డబ్బు కాదు, పొద్దు కాదు. ఒళ్ళు చాలదు.

ఇంటికొచ్చి నిఘంటువు తీశాను, 1852 నాటి బ్రౌన్ దొరది, నా దగ్గరున్నది తర్వాతి ముద్రణ. నాగటి చాలు ఉంది, సరిపోవడం ఉంది, వాటితో పాటు శక్తి కలిగి ఉండడమనే అర్థమూ ఉంది. 'చేయజాలను' అంటే చేయలేను. ముప్పై ఏళ్ళు ఆ రూపాన్ని బోర్డు మీద రాసి పిల్లలకు చెప్పినదాన్ని నేనే. గాలిగోపురం దగ్గర కూర్చుని వగరుస్తుంటే తప్ప అది నా మాట కాలేదు. అందుకే నీకొక కట్టడి. నిఘంటువు ఆఖర్న చూడు. ముందే చూస్తే అది చెప్పిందే నీకు అనిపించిందని అనుకుంటావు.

ఇంక అమ్మ సంగతి. "నీ ఇష్టం" అని పేజీ పైన రాసి, నీ వైపు ఉన్నదంతా రాయి. చిన్నప్పటిది, మొన్నటిది, రెండూ. ఎదురు పేజీ ఖాళీగా పెట్టు. ఊరికి వచ్చినప్పుడు పుస్తకం అమ్మ చేతికిచ్చి, ఈ మాట ఎప్పుడెప్పుడు ఏమనుకుని అన్నావో రాయమ్మా అని అడుగు. రాస్తుంటే పక్కన నిలబడొద్దు, వంటింట్లోకి పో. చదివాక ఆ రోజే వాదానికి దిగొద్దు. ఫోన్లో అడగొద్దు, ఫోన్లో ఈ మాటకు జవాబు మళ్ళీ "నీ ఇష్టం" అనే వస్తుంది.

మీ అమ్మ ఉద్యోగానికని మొదటిసారి వేరే ఊరు పోతానన్నప్పుడు నేనూ తనతో ఇదే మాట అన్నాను. దానికి నా పుస్తకంలో రెండు పేజీలున్నాయి. అమ్మ తన పేజీ రాసేదాకా అవి నీకు చూపించను.

మే నెలలో గంగమ్మ జాతరకు వస్తావు కదా. పుస్తకం అప్పటికి నిండకపోయినా తీసుకురా.

మీ అవ్వ