బాలే డాన్సులో బార్ వదిలితే వెనక్కి తూలుతున్నారా?

మిర్యాలగూడ చెల్లీ, బాలే క్లాసులో బార్ (ఆసరా కడ్డీ) పట్టుకుంటే పాయింట్ మీద, అంటే కాలివేళ్ల కొసల మీద, బాగానే నిలుస్తున్నా, ఇంట్లో బార్ లేకుండా చేస్తే వెనక్కి తూలుతున్నా అన్నావు కదా. టెన్షన్ పడకు, ఈ దశలో చాలామందికి ఇదే గొడవ.

ముందు నేల సంగతి. మన ఇళ్లలో షాబాద్ బండలో, టైల్సో ఉంటాయి. శాటిన్ పాయింట్ షూ వాటి మీద జర్రున జారుతుంది. ప్లైవుడ్ షీటు మీద వినైల్ అంటించుకో. గెంతులు మాత్రం దాని మీద కూడా వద్దు.

ఇక తూలడం. నీకు తెలియకుండానే బార్ మీద బరువు వేస్తున్నావు. ఒట్టి కాళ్లతో, బార్ పట్టుకోకుండా డెమీ పాయింట్ మీద (మడమలెత్తి పాదం ముందు భాగం మీద) నిలబడి చూడు, తెలిసిపోతుంది. పైకి లేచేటప్పుడు పక్కటెముకలు ముందుకు పొడుచుకొస్తే ఒళ్లు వెనక్కే పోతుంది. చూపు నేల మీద కాదు, ఎదురుగా ఉండాలి. కొన్నాళ్లు రెండు కాళ్లవే చెయ్యి: ప్లియే (మోకాళ్లు వంచడం) నుంచి సూ-సూ (రెండు కాళ్లూ దగ్గరగా బిగించి పాయింట్ మీదికి లేవడం), ఎషాపే (కాళ్లు ఎడంగా జరిపి లేవడం). సూ-సూలో తొడలు గట్టిగా దగ్గరికి రావాలి. దిగేటప్పుడు దబ్బున పడకుండా, డెమీ పాయింట్ మీదుగా మెల్లగా మడమ ఆన్చు. అసలు బలం వచ్చేది ఆ దిగడంలోనే.

కిటికీ ఊచలు పట్టుకోకు, లాగేస్తావు. గోడకు రెండు వేళ్లు ఆనిస్తే చాలు. ఒంటికాలి పాసే (ఒక కాలి వేళ్లు రెండో మోకాలికి ఆనించి నిలవడం) మీ టీచర్ చూసి సరే అన్నాకే. షూ షాంక్ (అడుగున ఉండే గట్టి పట్టీ) మెత్తబడినా, మడమ వెనక నొప్పి వచ్చినా ఆ రోజుకు ఆపేయ్.