ఫ్రీ ఐఫోన్ తీసుకుని బాపుకు పంపొచ్చా?

సందేహం: అన్నా, మాది హనుమకొండ. ఎమ్మెస్‌కు డల్లాస్ వచ్చిన. ఇక్కడి నెట్‌వర్క్ కంపెనీ ఐఫోన్ ఫ్రీ అంటున్నది. తీసుకుని దసరాకు బాపుకు పంపొచ్చా?

జవాబు: తమ్ముడూ, ఫ్రీ కింద ఉన్న సన్నక్షరాలు చదివినవా? 720 డాలర్ల ఫోనైతే 36 నెలలకు పంచి నెలకు 20 బిల్లులో వేస్తరు, అదే 20 క్రెడిట్‌గా తీసేస్తరు. 10 నెలలకు కంపెనీ మారితే క్రెడిట్ బంద్, మిగిలిన 520 ఒక్కసారే కట్టాలె. పైగా అసొంటి ఆఫర్లకు నెలకు 60 డాలర్లు దాటిన ప్లాన్ అంటగడతరు. సొంత ఫోనుంటే 15, 25 డాలర్ల ప్రీపెయిడ్ సరిపోతది. మేమంతా ఇట్ల పైసపైస లెక్క చూసే నిలదొక్కుకున్నం; మీకేమో దిగంగనే ఐఫోన్ కావాలె!

ఇక బాపు సంగతి. చాలా కంపెనీలల్ల బాకీ తీరేదాకా ఆ ఫోను లాక్‌లనే ఉంటది, అంటే అమ్మిన కంపెనీ సిమ్ తప్ప వేరేది పనిచెయ్యది. వేరే సిమ్ వేస్తే శాంసంగ్ అన్‌లాక్ పిన్ అడుగుతది, ఐఫోన్ 'సిమ్ నాట్ సపోర్టెడ్' అంటది. వైఫై మీద యూట్యూబ్ నడుస్తది గని సిమ్ కాల్ పోదు. చౌరస్తాల షాపోళ్లు తీస్తరనుకోకు. అమ్మిన కంపెనీ ఒప్పుకుంటే ఆ లాక్ సంగతి ఆపిల్ సర్వర్ల మారాలె. సిమ్ కింద పల్చటి చిప్ పెట్టి నడిపిచ్చేటోళ్లున్నరు, అప్‌డేట్ రాంగనే అది మొరాయిస్తది. అమెరికాల అమ్మే ఐఫోన్ 14 నుంచి సిమ్ ట్రేనే లేదు, ఇగ చిప్ ఎక్కడ పెడతరు? అన్‌లాక్‌ది పంపినా బాపు నంబరును ఈసిమ్‌గా, అంటే ఫోన్లనే ఉండే డిజిటల్ సిమ్‌గా మార్పియ్యాలె. జియో, ఎయిర్‌టెల్ ఇస్తయి.

అన్‌లాక్ గడువు కంపెనీకో తీరు, వాళ్ల సైట్ల చూసుకో. కొనాల్సే వస్తే ఆపిల్ దగ్గర 'కనెక్ట్ టు ఎనీ క్యారియర్ లేటర్' (ఏ నెట్‌వర్క్ కంపెనీకైనా తర్వాత కలుపుకునేది) ఎంచుకో. పాతది కొంటే పైసలు చేతిల పెట్టకముందే సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌ల క్యారియర్ లాక్ చూడు. 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' ఉండాలె. అదున్నా ముందటోడు బాకీ ఎగ్గొడితే ఐఎంఈఐ, అంటే ఫోను గుర్తింపు నంబరు, బ్లాక్‌లిస్ట్‌ల (కంపెనీలు నెట్‌వర్క్ ఇయ్యని ఫోన్ల జాబితాల) పడతది, అదీ చూపియ్యమను.

అసలు ఇంటినుంచి తెచ్చుకున్న ఫోనుకేమైంది? మన దగ్గర కొన్నయి దాదాపు అన్నీ అన్‌లాకే. *#06# కొట్టు, 15 అంకెల ఐఎంఈఐ వస్తది, సిమ్ తీసుకునే కంపెనీ సైట్ల వేసి ఫోను నడుస్తదో లేదో చూడు. ఏటీ అండ్ టీ అనే నెట్‌వర్క్ కంపెనీ 2022ల 3జీ మూసినంక తన జాబితాల లేని మోడళ్లను తీసుకుంటలేదు. రెండు సిమ్‌లు పడితే ఇంటి నంబరు బ్యాంకు ఓటీపీలకు ఉంచుకో, రీచార్జ్ ఆపకు. దాని డేటా రోమింగ్ మాత్రం విమానం దిగకముందే ఆఫ్ చెయ్యాలె. నువ్వు ఇంకా చెయ్యకుంటే ఇప్పుడే చెయ్.