తోలుబొమ్మలాటకు పన్నుల డబ్బు ఎందుకంటే...

"చూసేవాళ్లుంటే టికెట్ కొని చూస్తారు, లేకుంటే ఆ కళ పోతుంది. మధ్యలో మన పన్నుల డబ్బు ఎందుకు?" అని తోలుబొమ్మలాట గురించి మీరు అడిగారు. మాది ధర్మవరం వైపు. బడిలో పంతులుగా ఉంటూ తోలుబొమ్మలాటలు పెట్టించినవాణ్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

మా దగ్గర్లోనే నిమ్మలకుంట ఉంది. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్ర తోలుబొమ్మలకు 2008లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. అక్కడ అదే తోలుతో చేసే ల్యాంప్‌షేడ్లు నగరాల ఎగ్జిబిషన్లలో అమ్ముడవుతున్నాయి. మీరన్న మార్కెట్ ఈ కళకు ఉంది. ఐతే అది కొనేది బొమ్మను మాత్రమే. మేకతోలు గీకి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులేసిన ల్యాంప్‌షేడుకు ఇంత అని ధర చెప్పొచ్చు. రాత్రంతా రామాయణం పాడుతూ బొమ్మను ఆడించేవాళ్లకు ఏ షాపువాడు ధర కడతాడు? ల్యాంప్‌షేడ్లు చేసే కుర్రాడికి ఒక్క పద్యం రాకపోయినా ఇల్లు గడుస్తుంది. ఆట పోయేది అక్కడే.

కొన్నేళ్ల కిందట ప్రభుత్వ కార్యక్రమం కింద మా బడికి ఒక బృందం వచ్చింది. తెల్ల పంచెలు కలిపి కుట్టిన తెర కట్టి, వెనక బల్బు పెట్టారు. రావణుడి బొమ్మ తీస్తే మా ఆరో తరగతి పిల్లల కంటే ఎత్తుగా ఉంది. నేను తెర వెనక్కి వెళ్లి చూశాను. పెద్దాయన ఒక చేత్తో నడిమి కర్ర పట్టుకుని, రెండో చేత్తో బొమ్మ చేతుల పుల్లలు కదిలిస్తూ, పద్యం ఎత్తుకుని, కాలి కింది చెక్కను టకటకలాడిస్తున్నాడు. నవ్వించే బొమ్మ కేతిగాడు వచ్చి మా హెడ్మాస్టరును ఆటపట్టిస్తే పిల్లలు పడీపడీ నవ్వారు. పక్కన పన్నెండేళ్ల మనవడు బొమ్మలు అందిస్తున్నాడు. ఏ పాట తర్వాత ఏ బొమ్మ రావాలో వాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఎన్ని ఆటల్లో కూర్చుంటే అది వస్తుందో ఆలోచించండి.

ఈ ఆట ఏనాడూ టికెట్ల మీద బతకలేదండీ. వానలు పడకపోతే ఊరంతా కలిసి ఆట పెట్టించేది, పంట చేతికొచ్చాక గింజలు కొలిచి ఇచ్చేది. ఇచ్చుకోలేనివాడూ ముందు వరసలో కూర్చుని చూసేవాడు. ఆ ఉమ్మడి ఖర్చునే ఇప్పుడు ప్రభుత్వం పెట్టాలంటున్నాను.

అలాగని ఇప్పుడు ఇస్తున్న తీరు బాగుందని అనను. గురువు దగ్గర శిష్యులు కళ నేర్చుకోవడానికి సాయపడే గురుశిష్య పరంపర లాంటి కేంద్ర పథకాలున్నాయి, మంచిదే. కానీ మా బడి ఆట డబ్బు వాళ్లకు అందడానికి ఎనిమిది నెలలు పట్టింది. బిల్లు ఏమైందని పెద్దాయన నాకు ఫోన్ చేసినప్పుడల్లా తల కొట్టేసినట్టుండేది. వ్యాను బాడుగకు ఆయన వడ్డీకి తెచ్చాడు. సన్మానాలు, శాలువాలు తగ్గించైనా సరే, ప్రతి మండలంలో ఏడాదికి నాలుగు ఆటలు పెట్టించి, ఆడిన రాత్రే డబ్బు చేతిలో పెట్టాలి.

మరో రెండేళ్లకు అదే బృందాన్ని మళ్లీ పిలిపించాం. మనవడు రాలేదు, బెంగళూరులో పనికి కుదిరాడట. బొమ్మలు అందించడానికి మా ఏడో తరగతి పిల్లాణ్ని కూర్చోబెట్టాం. ప్రతిసారీ పెద్దాయన పాట ఆపి, వాడికి తర్వాతి బొమ్మ చూపించాల్సి వచ్చింది.