సర్వేయర్ వచ్చేలోపు, వచ్చి పోయినాక

నాయనా,

మొగిలి ఘాట్‌లో కారు రెయిలింగ్‌కి తగిలిందని, ఎవరికీ దెబ్బలు తగల్లేదని మీ అమ్మ చెప్పింది. మనుషులు క్షేమం, అదే చాలు. ఇన్సూరెన్సు వాళ్లు రోజుకో కాగితం అడుగుతా ఉన్నారంట గదా, దాని గురించే రాస్తున్నా.

నష్టం ఎంతో అంచనా వేయడానికి వచ్చే ఇన్సూరెన్సు సర్వేయర్ చూసేదాకా బండి విప్పనీయొద్దు. షెడ్డువాళ్లు తొందరపడి బంపర్ ఊడదీస్తే, ఈ దెబ్బ ఆ రోజుదేనా అనే పేచీ అక్కడే మొదలవుతుంది. నంబర్ ప్లేటు కనపడేలా నాలుగు వైపులా, కిలోమీటర్ల రీడింగ్, విరిగిన ప్రతి పార్టు దగ్గరగా ఫోటోలు తీసి పెట్టుకో. విప్పినాక లోపల రేడియేటరో ఇంకోటో పగిలి కనపడితే, మార్చకముందే సర్వేయర్‌ని మళ్లీ పిలిపించు. రిపోర్టులోకి ఎక్కని పార్టుకి డబ్బు రాబట్టడం చాలా కష్టం. పాత పార్టులు కూడా తనిఖీ అయ్యేదాకా పారేయనీయొద్దు.

క్లెయిమ్ ఫారం నువ్వే నింపు. 'సంతకం పెట్టి పోండి సార్, మిగతాది మేం రాసుకుంటాం' అంటారు, ఒప్పుకోవద్దు. తేదీ, టైము, చోటు, నడిపిందెవరు, ఎట్లా తగిలింది, అంతే రాయి. స్పీడు ఎంతో తెలియకపోతే ఊహించి రాయొద్దు. నడిపింది తమ్ముడైతే వాడి పేరే రాయి, వాడి లైసెన్సే ఇవ్వు. పేరు మార్చినట్టు తేలితే మొత్తం క్లెయిమ్ పోతుంది.

ఆర్‌సీ, లైసెన్సు, పాలసీ, ఎస్టిమేట్, బిల్లులు న్యాయంగా అడిగేవే. ఒరిజినల్ చూపించి జిరాక్సు ఇవ్వు. వీటికి మించి అడిగితే, ఎందుకు కావాలో మెయిల్‌లో రాసి పంపమను. క్లెయిమ్‌కి నేరుగా సంబంధించిన కాగితాలే అడగాలని 2024లో ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్సు కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ) చెప్పింది. సర్వే రిపోర్టుకి 15 రోజులు, అది అందినాక నిర్ణయానికి 7 రోజులు గడువు కూడా పెట్టింది. అందుకే ఫోన్లో మాట్లాడినది కూడా ఆరోజే రెండు లైన్లు మెయిల్ పెట్టుకో.

రెయిలింగ్ నష్టానికి హైవేవాళ్లు డబ్బడిగితే చేతిలోనుంచి కట్టి రాజీపడొద్దు, తప్పు నాదేనని రాసివ్వొద్దు. ఆ నోటీసు కంపెనీకి పంపు. మన బండికీ, ఎదుటివాళ్లకీ రెండిటికీ కవర్ ఇచ్చే ప్యాకేజీ పాలసీలో ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి మామూలుగా 7.5 లక్షల దాకా కవర్ ఉంటుంది, కానీ కంపెనీ అనుమతి లేకుండా ఒప్పుకుంటే చిక్కు.

ఇంక కోతలు. జీరో డిప్ (పార్టులు పాతబడినందుకు వేసే కోత లేకుండా చేసే అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీకి సగం పోతుంది. మూడేళ్లు దాటి నాలుగేళ్లలోపు బండికి రేకు పార్టుల మీద 25 శాతం తీసేస్తారు. అద్దాలకి కోత లేదు. 12,000 బంపర్‌కి 6,000, 16,000 బానెట్‌కి 12,000 వస్తుంది. 1500 సీసీ లోపు కారైతే ఇంకో వెయ్యి నువ్వే భరించాలి, జీరో డిప్ ఉన్నా అది తప్పదు. వచ్చేది మరీ తక్కువైతే, పోయే నో క్లెయిమ్ బోనస్‌తో (క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోల్చి చూడు. అది 50 శాతం దాకా ఉండొచ్చు.

డబ్బు తక్కువ అనిపిస్తే 'ఫుల్ అండ్ ఫైనల్' కాగితం మీద ఊరికే సంతకం చేయొద్దు, అభ్యంతరం ఉందని రాసి చెయ్యి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయి. నెలలో తేలకపోతే హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి (ఇన్సూరెన్సు తగాదాలు తేల్చే అధికారి) పంపు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ఎస్టిమేట్ వాట్సాప్‌లో పెట్టు, దేనికెంత కోస్తారో లెక్కేసి చెప్తా.

మీ మామ, తిరుపతి